పీఎఫ్ కన్సల్టెంట్‌కి అప్పగించాక మీ మీద ఏం మిగులుతుంది?

ప్రశ్న క్లుప్తంగా: విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు, ప్రొప్రయిటర్‌షిప్. సొంత మనుషులు 14 మంది. వెల్డింగ్, పెయింటింగ్ మేస్త్రీలు తెచ్చుకునేవాళ్లు ఇంకో 9 మంది. పీఎఫ్ ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. ఒక కన్సల్టెంట్ నెలకు మూడు వేలిస్తే అంతా తనే చూసుకుంటానని, నాకు టెన్షన్ ఉండదని అంటున్నాడు. పనివాళ్లేమో కోతలొద్దు, డబ్బు చేతికే ఇమ్మంటున్నారు. అసలు పీఎఫ్ తప్పదా? కన్సల్టెంట్ మీద వదిలేయొచ్చా? గ్రాట్యుటీ, ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) లాంటివి కూడా పెట్టాలా?

సమాధానం:

తప్పదండీ. 20 మంది ఉన్న చోట పీఎఫ్ తప్పనిసరి, ఆ లెక్కలో మేస్త్రీ తెచ్చిన మనుషులూ వస్తారు. 14, 9 కలిపితే 23. ఒకసారి పరిధిలోకి వచ్చాక రేపు ఆర్డర్లు తగ్గి పన్నెండు మందే మిగిలినా పీఎఫ్ కడుతూనే ఉండాలి.

కన్సల్టెంట్‌ని పెట్టుకోండి. చిన్న యూనిట్ల జీతాల లెక్కలు చూడటమే నా పని కాబట్టి చెబుతున్నాను, మీ సైజు షెడ్డుకి నెలనెలా ఫైల్ ఎక్కించడానికి మనిషిని పెట్టుకోవడం కంటే అదే చవక. కాకపోతే ఆయన తీసుకునేది పని మాత్రమే, బాధ్యత మీ దగ్గరే ఉంటుంది. నోటీసు మీ పేరు మీద వస్తుంది, బ్యాంకు అటాచ్‌మెంట్ మీ ఖాతాకి వస్తుంది. పనివాడి జీతంలో కోసిన డబ్బు పీఎఫ్‌కి కట్టకపోతే చట్టం దాన్ని నమ్మకద్రోహం నేరంగా చూస్తుంది. ఆ కేసులో ముద్దాయి యజమానే, కన్సల్టెంట్ కాదు. అందుకే "అంతా నేను చూసుకుంటా" అన్న మాట వినగానే నాకు కొంచెం భయమేస్తుంది.

ముందు ఆ లెటర్ సంగతి. దాన్ని పక్కన పడేయకండి. వాళ్లు తేల్చాలనుకునేది ఒక్కటే, మీ దగ్గర 20 మంది ఎప్పటి నుంచి ఉన్నారు అని. ఆ తేదీ నుంచే బకాయి లెక్క మొదలవుతుంది. హాజరు పుస్తకం, జీతాల రిజిస్టరు, మేస్త్రీలకిచ్చిన బిల్లులు, బ్యాలెన్స్ షీట్‌లో కూలి ఖర్చు, అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేలా ఉంటేనే మీరు చెప్పిన తేదీ నిలబడుతుంది. మంచి కన్సల్టెంట్ విలువ తెలిసేది ఇక్కడే. నెలవారీ ఫైలింగ్ ఎవరైనా చేస్తారు. ఆఫీసర్ ముందు రికార్డు పెట్టి, ఫలానా నెల వరకు మా దగ్గర 17 మందే అని నిరూపించగలిగేవాళ్లు తక్కువ. ఈయన్ని ఖాయం చేసుకునే ముందు 7ఏ విచారణలు, అంటే పీఎఫ్ ఆఫీసర్ బకాయి తేల్చే విచారణలు, ఎన్ని చూశారో అడగండి. పాత పీఎఫ్ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చినా అందరూ ఇంకా ఆ పాత పేరుతోనే పిలుస్తున్నారు.

ఇంకో మాట. ఆటోనగర్‌లో ఒక సలహా ఊరికే దొరుకుతుంది: "మీ ఆవిడ పేరు మీద ఇంకో ఫర్మ్ పెట్టండి, పది మందిని అటు, పదమూడు మందిని ఇటు చూపిద్దాం." ఒకే షెడ్డు, ఒకే కరెంటు మీటరు, ఒకే సూపర్‌వైజరు, రెండు బోర్డులు. ఇలాంటివాటిని కలిపి ఒకే సంస్థగా లెక్కగట్టడం పీఎఫ్ వాళ్లకు కొత్తేమీ కాదు. మీ కన్సల్టెంట్ నోటి నుంచి ఈ మాట వస్తే ఆయన్ని మార్చేయండి.

బకాయి ఎంత బరువో లెక్కేస్తే అర్థమవుతుంది. పనివాడి వాటా 12 శాతం. మీ వాటా 12 శాతం, దానికి తోడు ఈడీఎల్ఐ అనే పనివాళ్ల జీవిత బీమాకి అర శాతం, పాలనా ఖర్చులకి అర శాతం. మొత్తం 25. పీఎఫ్ జీతం 12,000 అయితే అతని జీతంలోంచి 1,440, మీ జేబులోంచి 1,560, కలిపి నెలకు 3,000. సజావుగా కట్టేటప్పుడు మీ మీద పడేది 1,560 మాత్రమే. పాత బకాయిలో అలా కాదు. అప్పట్లో కోయని పనివాడి వాటాని ఇప్పటి జీతంలోంచి కోయడానికి రూల్ ఒప్పుకోదు. కాబట్టి రెండు వాటాలూ మీవే. 23 మందికి నెలకు 69,000, ఏడాదికి 8,28,000. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, నెలకు 1 శాతం చొప్పున పెనాల్టీ. నెలల తరబడి ఆలస్యమైతే ఈ పెనాల్టీ 2024 జూన్‌కి ముందు ఇంకా ఎక్కువగా ఉండేది.

పీఎఫ్‌లో చేర్చకుండా వదిలేసిన పనివాళ్లను చేర్చుకోవడానికి ప్రభుత్వం అప్పుడప్పుడు సడలింపుతో ఒక గడువు ఇస్తుంటుంది. 2017లో ఒకసారి ఇచ్చారు, మళ్లీ 2025 నవంబర్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు ఇంకోటి పెట్టారు. ఆ రెండోదానిలో, కోయని పనివాడి వాటా మాఫీ చేసి పెనాల్టీ 100 రూపాయలకు తగ్గించారు. ఇలాంటి కబురు మీకు వేళకు చెప్పడం కన్సల్టెంట్ పనిలో భాగమే. కొత్తగా మనుషుల్ని తీసుకునేవాళ్లకి ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కూడా ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య చేర్చుకున్న అదనపు మనిషికి యజమానికి నెలకు 3,000 దాకా వస్తుంది. తయారీ రంగమైతే నాలుగేళ్ల పాటు. కనీసం ఇద్దరు అదనంగా ఉండాలి, ఆరు నెలలు నిలవాలి. మీకు వర్తిస్తుందో లేదో ఆయన చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఇప్పుడు నెలనెలా పని ఎలా నడవాలో చెబుతాను, ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి.

రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు పోర్టల్‌లో మీ మొబైల్ నంబరు, మీ ఈమెయిల్ ఇవ్వండి. చాలామంది కన్సల్టెంట్లు పని సులువవుతుందని సొంత నంబరే ఇచ్చేస్తారు. దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఓటీపీలు, నోటీసుల మెసేజ్‌లు అన్నీ ఆయనకే పోతాయి. నాకు తెలిసిన ఒక ప్లాస్టిక్ యూనిట్ యజమాని ఫీజు దగ్గర మాటా మాటా వచ్చి కన్సల్టెంట్‌తో తెగతెంపులు చేసుకున్నారు. తీరా చూస్తే పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ రాదు. కొత్త నంబరు ఎక్కించుకోవడానికి లెటర్‌హెడ్ పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆలోగా రెండు చలాన్లు ఆలస్యమయ్యాయి. డిజిటల్ సంతకం టోకెన్ కూడా మీ బీరువాలోనే ఉండాలి.

డబ్బు ఎప్పుడూ మీ ఖాతా నుంచి నేరుగా చలాన్‌కే పోవాలి. "నా ఖాతాలో వేయండి, నేను కట్టేస్తా" అంటే వద్దనండి, ఎంత నమ్మకస్తుడైనా సరే.

గడువు తర్వాతి నెల 15. మీరు 5వ తేదీకల్లా హాజరు, జీతాల షీటు పంపండి. ఆయన 8, 9 తేదీలకల్లా ఈసీఆర్ ఫైల్ (పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించే నెలవారీ లెక్క) తయారుచేసి మీకు పంపాలి, మీరు చూసి సరే అన్నాకే ఎక్కించాలి. 14 రాత్రి పోర్టల్ మొరాయిస్తుంది. ఆ సంగతి పీఎఫ్ కట్టే ప్రతివాళ్లకీ తెలుసు.

ఈసీఆర్ చూడటం బ్రహ్మవిద్యేమీ కాదు. అది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే టెక్స్ట్ ఫైల్. ఒక్కో మనిషికి ఒక్కో లైను, అంకెల మధ్య #~# గుర్తు ఉంటుంది. వరసగా యూఏఎన్ (పనివాడి పీఎఫ్ నంబరు), పేరు, మొత్తం జీతం, పీఎఫ్ జీతం, పెన్షన్ జీతం, బీమా జీతం, తర్వాత పనివాడి వాటా, మీ వాటాలో పెన్షన్‌కి వెళ్లేది, మిగిలిన తేడా, జీతం లేని రోజులు, చివర్లో రిఫండ్. మీ హెల్పర్ లైనులో 14500, 12000, 12000, 12000, 1440, 1000, 440, 2, 0 అని ఉందనుకోండి. 1440 అతనిది. మీ 1440లోంచి జీతం మీద 8.33 శాతం, అంటే 1000 పెన్షన్ పథకానికి, మిగతా 440 అతని పీఎఫ్ ఖాతాకి. ఆ 2 అతను రాని రోజులు. హాజరు పుస్తకం తెరవకుండానే అందరికీ అక్కడ సున్నా కొట్టేసే కన్సల్టెంట్లున్నారు. మీ పుస్తకంలో ఇద్దరు ముగ్గురు నాగాలు పెట్టిన నెలలో ఆ అంకె చూడండి, మనిషి పని తీరు తెలిసిపోతుంది.

ఇంకా రెండు చోట్ల కన్ను వేయండి. 58 దాటిన మేస్త్రీ ఉంటే పెన్షన్ గడిలో సున్నా ఉండాలి, మీ వాటా మొత్తం పీఎఫ్‌లోకి పోవాలి. 2014 సెప్టెంబర్ నుంచి మొదటిసారి పీఎఫ్‌లోకి, అదీ 15,000 పైన జీతంతో చేరినవాళ్లకీ పెన్షన్ ఉండదు. ఇవి తప్పుగా పోతే అప్పుడు ఎవరికీ తెలియదు. మనిషి రిటైరై క్లెయిమ్ పెట్టిన రోజు రిజెక్ట్ అవుతుంది, అతను మీ గేటు ముందుకొచ్చి నిలబడతాడు.

జీతాన్ని ఎలా విడగొట్టాలన్నది ఇంకో తిరకాసు. 22,000 జీతంలో బేసిక్ 8,000, మిగతా 14,000 రకరకాల అలవెన్సులని చూపించి పీఎఫ్ తగ్గించడం పాత పద్ధతి. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులూ బేసిక్ కిందకే వస్తాయని 2019 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంత మేర వేతనంలో కలుస్తాయి. ఈ లెక్కలో 11,000 దాటిన 3,000 వచ్చి 8,000తో కలిసి పీఎఫ్ జీతం 11,000 అవుతుంది. గరిష్ఠంగా 15,000 మీద కడితే చట్టానికి సరిపోతుంది. అంతకుమించి కట్టడం మీ ఇష్టం. ఇంత చిన్న తేడా కోసం ముక్కలు చేసిన జీతం స్లిప్పులు పెట్టుకుని భయపడుతూ కూర్చోవడం దండగని నా అభిప్రాయం. అన్నట్టు, మీ 13 శాతాన్ని పనివాడి జీతంలోంచే కోసేస్తున్నవాళ్లూ కనిపిస్తారు. దానికి పనివాడు రాసిచ్చినా చెల్లదు.

పనివాళ్లు వద్దంటున్నారన్నారు. వాళ్లది మొండితనం కాదు. ఇంటద్దె, పిల్లల ఫీజులు పోగా ఏం మిగలని చోట 1,440 చాలా పెద్దది. "మీ భవిష్యత్తు కోసమే" అంటే ఎవరూ వినరు. నేను మొదట బీమా సంగతి చెబుతాను. పీఎఫ్‌లో ఉన్న మనిషి సర్వీసులో ఉండగా పోతే, అది ప్రమాదమైనా జబ్బైనా, ఇంటివాళ్లకి ఈడీఎల్ఐ కింద 7 లక్షల దాకా వస్తుంది. ఏడాది సర్వీసు ఉంటే కనీసం 2.5 లక్షలు. దానికి పనివాడు పైసా కట్టడు, మీరు కట్టే అర శాతమే. గ్యాస్ కటింగ్, ఎత్తు మీద పని ఉండే షెడ్డులో ఈ ఒక్క మాట పడితే గది నిశ్శబ్దమవుతుంది. దీనితో పాటు భార్యకి, పిల్లలకి నెలనెలా పెన్షన్ ఉంటుంది. ఆ తర్వాత వడ్డీ: 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. చిట్టీ పాట కంటే తక్కువేగా అని ఎవరో అంటారు. చిట్టీ ఎత్తేసి పారిపోయినవాళ్ల కథ మరొకరు అందుకుంటారు, మీరు మాట్లాడక్కర్లేదు.

పెన్షన్ గురించి మాత్రం గొప్పలు చెప్పకండి. పదేళ్ల సర్వీసు ఉంటేనే 58కి వస్తుంది. జీతం 15,000, సర్వీసు పదేళ్లయితే 15,000ని 10తో గుణించి 70తో భాగిస్తే నెలకు 2,143. అంతే. ఉన్నదున్నట్టు చెబితేనే మిగతాది నమ్ముతారు.

వీలైతే మొదటి నెలలో కోత పడేటప్పుడే ఏటా ఇచ్చే ఇంక్రిమెంటు ముందుకు జరపండి. చేతికొచ్చే డబ్బు పెద్దగా తగ్గదు, గొడవ సద్దుమణుగుతుంది. మూడో నెలలో అందరి ఫోన్లలో ప్రభుత్వ ఉమంగ్ యాప్ వేయించి పాస్‌బుక్ చూపించండి.

ఆ ఉమంగ్ యాప్ ఎలాగూ కావాలి. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్ పనివాడి ముఖాన్ని అందులో స్కాన్ చేస్తేనే పుడుతోంది. వెల్డింగ్ మసి మీద ఉన్నప్పుడు కాకుండా పొద్దున్నే చేయించండి, నవ్వకండి, నిజంగానే తేడా వస్తుంది. పేర్ల దగ్గర మన తెలుగువాళ్ల తలనొప్పి వేరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరం ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు వెనక్కి పోతుంది. పుట్టిన తేదీ చాలామందికి జనవరి 1 లేదా జూన్ 1. చేరిన వారంలోనే ఇవి సరిచేయించండి. పదేళ్ల తర్వాత జాయింట్ డిక్లరేషన్ (మీరూ పనివాడూ కలిసి ఇచ్చే దరఖాస్తు) పెట్టి సరిచేయించడం పెద్ద పని, అప్పటికి మీ షెడ్డులో ఆ పాత రికార్డు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఈ-నామినేషన్ కూడా అప్పుడే చేయించండి, పెళ్లయిన ప్రతిసారీ మార్పించండి. ఇది కన్సల్టెంట్ ఫీజులో కలిసుందా, మనిషికింతని విడిగా తీసుకుంటాడా అన్నది ముందే మాట్లాడుకోండి.

కన్సల్టెంట్ దగ్గర తేలకుండా చిక్కుపడిన కేసులేమైనా ఉంటే ప్రతి నెలా 27న పీఎఫ్ వాళ్లు జిల్లాల్లో పెట్టే నిధి ఆప్కే నికట్ శిబిరానికి పనివాడితో కలిసి మీరే వెళ్లొచ్చు. యజమాని స్వయంగా వస్తే పని జరిగే తీరే వేరు.

గ్రాట్యుటీ: ఇది మీరు పెట్టుకుంటే ఉండేది, లేకపోతే లేనిది కాదు. పది మంది ఉన్నప్పటి నుంచే మీ మీద ఉంది. ఐదేళ్లు చేసినవాడికి ఏడాదికి 15 రోజుల జీతం, నెలని 26 రోజులుగా లెక్కేసి. బేసిక్ 18,000 ఉన్న ఫిట్టర్ 12 ఏళ్లు చేసి మానేస్తే 1,24,615. చనిపోతే ఐదేళ్ల నిబంధన లేదు. కొత్త కోడ్‌లో కాలపరిమితి కాంట్రాక్టు మీద పెట్టుకున్నవాళ్లకి ఏడాదికే వస్తుంది. మీ పాత మనుషులు ఏడెనిమిది మంది ఒకేసారి మానేస్తే ఎంతవుతుందో ఈ సాయంత్రమే లెక్క వేసుకోండి. చాలా షెడ్లలో అది ఒక లారీ బాడీ బిల్లు కంటే ఎక్కువ ఉంటుంది, ఎక్కడా రాసి ఉండదు. ఎల్ఐసీ లేదా ఇంకో బీమా కంపెనీ దగ్గర గ్రూప్ గ్రాట్యుటీ తీసుకుని ఏటా కొంత కడితే ఆ భారం విడిపోతుంది. ఆదాయపు పన్ను వాళ్ల ఆమోదం ఉన్న ఫండ్‌కి కట్టినది ఖర్చు కింద చూపొచ్చు. పుస్తకంలో ఊరికే ప్రొవిజన్ రాస్తే కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రాట్యుటీ బీమా తప్పనిసరి చేస్తూ 2011లోనే రూల్స్ వచ్చాయి. ఆ సంగతి తెలిసిన చిన్న యజమానులు నాకు అరుదుగా తగిలారు. ఇక్కడ మీకు సలహా ఇచ్చేవాడు బీమా ఏజెంటు, ఆయనకు కమీషన్ ఉంటుంది. తప్పు లేదు, కానీ గ్రాట్యుటీ పేరు చెప్పి మరో పాలసీ అంటగట్టకుండా చూసుకోండి.

ఎన్‌పీఎస్ తప్పనిసరి కాదు. ఆదాయపు పన్ను పరిధిలో ఉన్న సూపర్‌వైజరో, అకౌంటెంటో ఉంటే వాళ్లకి ఉపయోగం: యజమాని వేసేదానికి, కొత్త పన్ను విధానంలో బేసిక్, డీఏల మీద 14 శాతం వరకు, వాళ్లకి పన్ను పడదు. హెల్పర్లకి ఇప్పుడే వద్దు. వాళ్లకి పీఎఫ్ సరిగ్గా నడిస్తే చాలు.

ఇక మీరు అడగనిది. మీది ప్రొప్రయిటర్‌షిప్ కాబట్టి మీ షెడ్డు పీఎఫ్‌లో మీకు చోటు లేదు. 23 మందికి ఏర్పాటు చేసి మీకేమీ లేకుండా పోతుంది. షెడ్డే నా పెన్షన్ అంటారు అందరూ. కొడుకు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోయి, షెడ్డు లీజు చిక్కుల్లో పడ్డవాళ్లని మీరూ చూసే ఉంటారు. పీపీఎఫ్‌లో ఏడాదికి 1.5 లక్షల దాకా వేసుకోవచ్చు, ఎన్‌పీఎస్ మీ పేరు మీద తెరుచుకోవచ్చు. దీనికి పీఎఫ్ కన్సల్టెంట్‌ని గానీ, బీమా ఏజెంటుని గానీ అడక్కండి. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సంస్థ సెబీ దగ్గర రిజిస్టరైన పెట్టుబడి సలహాదారులుంటారు. మీ దగ్గర ఫీజు తీసుకుంటారు, మీకు సలహా ఇచ్చిన స్కీముల మీద కమీషన్ తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకుని వెళ్లండి.

చివరగా మేస్త్రీల సంగతి. వాళ్లకి సొంత పీఎఫ్ కోడ్ ఉంటే, ప్రతి బిల్లుతో పాటు మీ షెడ్డులో పనిచేసినవాళ్ల పేర్లున్న ఈసీఆర్, చలాన్ కాపీ తెమ్మనండి. పేర్లు మీ గేటు పుస్తకంతో పోల్చుకోండి. తేకపోతే ఆ మేరకు బిల్లులో ఆపండి, ఎందుకంటే వాళ్లు కట్టకపోతే అసలు యజమానిగా మీరు కట్టాలి. సొంత కోడ్ లేనివాళ్లయితే ఆ తొమ్మిది మందినీ మీ కోడ్‌లోనే ఎక్కించి, యజమాని వాటా మేస్త్రీ రేటులో ఎలా సర్దాలో కొత్త ఆర్డర్ ఒప్పుకోకముందే మాట్లాడుకోండి. పెయింటింగ్ మేస్త్రీ అలుగుతాడు, రేటు పెంచమంటాడు. కొంత పెంచండి.